ఊరగాయ సీసాలో డీజిలు

మనవరాలి పుట్టువెంట్రుకలకు పెద్ద గిన్నెలు కావాలని అటక ఎక్కిన మా అమ్మాయి భద్ర, గిన్నెలకు బదులు ఒక గాజు సీసా పట్టుకుని దిగింది. వెడల్పు మూతి, తుప్పు పట్టిన రేకు మూత, అడుగున గోధుమరంగు మరక. మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. "నాన్నా, ఇదేంది? ఊరగాయ సీసాలో కిరసనాయిలు వాసన!" అంది. "కిరసనాయిలు కాదు, డీజిలు" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ ఓబులమ్మ, "దాన్ని పారెయ్యమని ఎన్ని తూర్లు చెప్తి! వినే మనిషయితే గదా" అంది. నేను సీసా లాక్కుని నా మంచం కింద పెట్టుకున్నాను. అసలే ఆ పొద్దు నాకు చిరాగ్గా ఉంది. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే మా అల్లుడు, కూతురి పుట్టువెంట్రుకలకు రావడానికి లీవు దొరకలేదని, ఫోన్‌లో వీడియో పెడితే చూస్తానని అప్పుడే చెప్పాడు. తను లేకపోతే అక్కడ పని నడవదట. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆ మంట అల్లుడి మీద కాదు. అది చాలా పాతది, ఈ సీసా అంత పాతది.

వయసులో ఉండగా నేను ఖతార్‌లో ఒక ఇంటి డ్రైవరుగా పనిచేశాను. మా రాయచోటి వైపు ఎవరు గల్ఫుకు పోయినా కువైట్ పోయినట్టే లెక్క. ఖతార్ అని నేనెంత చెప్పినా, "ఆ, అదే, కువైట్‌లో" అనేవాళ్ళు. మా బాబా ఇల్లు అల్ రయ్యాన్‌లో ఉండేది. ఇంటి యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలవడం అక్కడ పనివాళ్ళ అలవాటు. బాబా వాళ్ళమ్మను మేం పెద్ద మామా అనేవాళ్ళం. పొద్దున్నే లేచి మంచుకు తడిసి దుమ్ము పట్టిన బండ్లు తుడిచేసరికి వంటింట్లోంచి యాలకులు వేసి కాచిన గహ్వా కాఫీ వాసన వచ్చేది. తర్వాత గదిగదికీ ఊదు పొగ పట్టేవాళ్ళు. పెద్ద మామా వరండాలో చాప మీద కూర్చుని, సామాన్ల గది తాళంచెవులు ఒళ్ళో పెట్టుకుని, బియ్యం నుంచి సబ్బు దాకా తన చేత్తోనే తీసి ఇచ్చేది. ఆవిడకు చూపు మందగించింది గాని ముక్కు మాత్రం కుక్క ముక్కు. పాలు వాసన చూసి నిన్నటివని చెప్పేది. నా చొక్కా వాసన చూసి, బజారు నుంచి తిన్నగా వచ్చానో, నడుమ టీ కొట్టు దగ్గర నిలబడ్డానో చెప్పేది. ఆ ముక్కుకు బండ్లు కడిగే నేను కూడా భయపడే రోజు వస్తుందని అప్పట్లో అనుకోలేదు.

బాబాకు ఒక తెరచాప పడవ ఉండేది. ఎవరో ఇంగ్లీషాయన దేశం వదిలి పోతూ అమ్ముకుపోయాడు. పేరుకు తెరచాప పడవే గాని, గాలి లేనప్పుడు నడవడానికీ, ఒడ్డుకు వచ్చేటప్పుడూ పనికొచ్చేలా లోపల చిన్న డీజిలు ఇంజను, కూర్చునే బల్ల కింద ఒక టాంకీ ఉండేవి. దానితోపాటు ఇంగ్లీషులో ఒక లావు పుస్తకం కూడా వచ్చింది. నేను ఇండియా వాణ్ణి, ఇండియా చుట్టూ సముద్రం, కాబట్టి నాకు పడవల సంగతి తెలిసే ఉంటుందని బాబా తీర్మానించాడు. మా ఊరివాడు సముద్రం చూడాలంటే తిరుపతి మొక్కు తీర్చుకుని, అక్కణ్ణుంచి ఇంకా బస్సెక్కాలి. ఈ సంగతి చెప్పడానికి నాకొచ్చిన అరబ్బీ చాలలేదు. అలా బండ్లతోపాటు పడవ కూడా నా నెత్తిన పడింది.

అక్కడ చలికాలమే సముద్రం మీద తిరిగే కాలం. ఎండాకాలంలో ఎవరూ పడవ దగ్గరికి కూడా పోరు. కాని ఆ యేడు అంతా తారుమారైంది. బాబాను ఆఫీసువాళ్ళు ఏదో ట్రైనింగుకని చలికాలమంతా వేరే దేశం పంపారు. పడవను అల్ వుకైర్‌లో తన ఖాళీ స్థలానికి తెప్పించి, ఇనప కాళ్ళ మీద నిలబెట్టించాడు. గోడ చుట్టూ ఇసుక, ఒక మూల పెద్ద మామా మేకలు, గేటు దగ్గర రేకుల గదిలో వాచ్‌మన్ మల్లన్న. మల్లన్నది జగిత్యాల వైపు. కట్టుబడి పనికని వచ్చి, నడుం పట్టుకుపోయి వాచ్‌మన్ అయ్యాడు.

పోయే ముందు బాబా నన్ను పిలిచాడు. పుస్తకం తెరిచి, ఒక బొమ్మ మీద వేలు పెట్టి, హిందీ అరబ్బీ కలిపి చెప్పాడు. "రమణా, టాంకీ ఫుల్. ఖాళీ ఉంటే రాత్రి చలికి లోపల నీళ్ళు పుడతాయి. నీళ్ళు మాఫీ, అస్సలు ఉండకూడదు! నేను వచ్చాక ఇంజన్ ఒక్క తాళానికి లేవాలి. లేచిందా, నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతా. ఇంటికి పో."

పనిలో చేరిన రోజే ఆయన తీసి దాచుకున్న పాస్‌పోర్టు అది, ఆ చివరి మాట కోసమే నేను ప్రాణం పెట్టుకుని ఉన్నాను. నేను వచ్చేటప్పటికి ఓబులమ్మ కడుపుతో ఉంది. పాప పుట్టాక భద్ర అని పేరు పెట్టారు, మా ఇంటిదేవుడు వీరభద్రుడి పేరున. మా ఇళ్ళలో పుట్టువెంట్రుకలు ఏడాదిలో తీయకపోతే మూడో ఏట తీయాలి. అదీ దాటితే ఐదో ఏటికి పోతుంది, సరి సంవత్సరంలో కత్తెర తగలనివ్వరు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించడం తండ్రి లేకపోయినా జరుగుతుంది. కాని ఓబులమ్మ కడుపుతో ఉన్నప్పుడు మేమిద్దరం గుళ్ళో నిలబడి, ఇద్దరం కలిసి వచ్చి ఇస్తామని మొక్కుకున్నాం. మొదటి ఏడు నేను పోలేకపోయాను. మూడో ఏడు నడుస్తోంది. ఎవరైనా ఊరి నుంచి వస్తుంటే ఓబులమ్మ క్యాసెట్‌లో మాటలు నింపి పంపేది. పికప్ బండిలో వేసుకుని వినేవాణ్ణి. "పాప జుట్టు నడుం దాటింది. చిక్కు తీస్తాంటే ఒకటే ఏడుపు. అందురూ అడగతాండారు, ఎప్పుడు తీపిస్తారని. నువ్వు రాంది నేను తీపీను" అనేది. వెనక పాప ఏదో కూసేది. ఆ కూత కోసం క్యాసెట్టు తిప్పి తిప్పి వినేవాణ్ణి.

బాబా విమానం ఎక్కాడు. మర్నాడే నేను డీజిలు డబ్బాలు పికప్‌లో పెట్టుకుని బయల్దేరుతుంటే పెద్ద మామా ఆపింది. ముక్కు ఎగబీల్చి ఎక్కడికని అడిగింది. చెప్పాను. "మాఫీ డీజిల్! పడవ నిద్రపోతోంది. నిద్రపోయే దాని పక్కన నిప్పుకు తిండి పెడతావా? ఉన్నది కూడా తీసెయ్, ఖలాస్" అంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవ ఒడ్డునే అంటుకుని కాలిపోయిందట. ఆ భయం ఆవిడను వదల్లేదు. బాబా లేనప్పుడు ఇంట్లో ఆవిడ మాటే మాట. చేసేది లేక టాంకీలో ఉన్న సగాన్ని కూడా తోడి పికప్‌లో పోశాను. వారానికొకసారి బాబా ఫోన్ చేసేవాడు. అడిగే మొదటి మాట, "టాంకీ ఫుల్?" పెద్ద మామా పక్కనే కూర్చుని వినేది. అవునంటే ఆవిడ ఊరుకోదు, కాదంటే నా పాస్‌పోర్టు పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే. "ఇన్షా అల్లా, బాబా" అనేవాణ్ణి, దేవుడు తలిస్తే అని. ఆ మాట ఎంత పనికొచ్చేదో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు.

ఒక పొద్దున పోయి చూస్తే వుకైర్ అంతా మంచు కమ్మి, పడవ పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. సన్నటి గొట్టం టాంకీ అడుగుదాకా దింపి, తోడినా అందకుండా మిగిలినదాన్ని చేతిపంపుతో కాస్త లాగి, ఓబులమ్మ పంపిన ఊరగాయ అయిపోతే కడిగి పెట్టుకున్న సీసాలో పోశాను. కొంచెంసేపటికి పైన డీజిలు, అడుగున నీళ్ళు విడివిడిగా తేరుకున్నాయి. రెండింటికీ నడుమ నల్లగా జిగట తీగలు. సీసా పట్టుకుపోయి వంటింట్లో సరోజక్కకు చూపించాను. సరోజక్కది కోనసీమ. ఆ ఇంట్లో వంట ఆవిడదే. ఆవిడ సీసాను వెలుతుర్లోకి ఎత్తి చూసి, "ఇదేం వింతయ్యా రమణయ్యా! ఆవకాయ జాడీలో నూనె తక్కువైతే బూజు పట్టదూ? ఇదీ అంతే. పైదాకా నూనె పోసెయ్యి, గాలి ఆడకుండా. మూతి దాకా నింపు. మా అమ్మ అలాగే పెట్టేది" అంది.

ఆ మాట నాకు వేదవాక్కులా వినిపించింది. పెద్ద మామా చుట్టాలింటికి పోయిన పొద్దు చూసుకుని, బూజంతా తోడి పారబోసి, కొట్టులో దొరికే బూజు మందు కలిపి, కొత్త డీజిలు మూతి దాకా, చుక్క కూడా పట్టనంతగా నింపాను. చల్లటి పొద్దున నింపి, మూత బిగించి, ఎంతో గొప్ప పని చేసినట్టు ఇంటికి వచ్చాను. ఇంజన్లు నడిపేవాడు ఎవడూ అలా చెయ్యడు. ఊరగాయ జాడీలు చూసి పెరిగినవాడే చేస్తాడు. మధ్యాహ్నం ఎండ ఎక్కేసరికి డీజిలు ఉబ్బి, పడవ పక్కన గాలి పోయే గొట్టంలోంచి కారడం మొదలైంది. తెల్లటి పడవ మీద పసుపు చారలు, కింద ఇసుకలో మడుగు. మర్నాడు శుక్రవారం. ప్రతి శుక్రవారం మేకలను చూసుకోవడానికి పెద్ద మామా వుకైర్ వచ్చేది. గేటు దగ్గర బండి దిగక ముందే ఆవిడ ముక్కు పైకి లేచింది. ఆ తర్వాత ఆవిడ తిట్టిన తిట్లలో నాకు సగమే అర్థమయ్యాయి, ఆ సగమే చాలు. మళ్ళీ తోడించింది. తోడుతుంటే నాకు ఏడుపొచ్చింది. పోయమన్నవాడు ఒకడు, తోడమన్నావిడ ఇంకొకరు, నడుమ నా కూతురి జుట్టు!

మల్లన్న పక్కన నిలబడి బీడీ నలుపుతూ చూస్తున్నాడు. నిప్పు అంటించే ధైర్యం ఆ పొద్దు ఆయనకు లేదు. "తమ్మీ, నేనొక మాట జెప్త, ఇంటవా?" అన్నాడు. "ఇంజన్ మొరాయించనియ్యి. నీకెందుకురా గింత పాకులాట? నువ్వు మంచిగ జేస్తె నిన్ను ఇడువడు. చెడగొడితె తిట్టి పంపిస్తడు. నన్ను జూడు, నడుం పట్టినంక నన్ను పొమ్మన్నరు, నేనే ఇంటికి మొహం జూపలేక ఈడ పడి ఉన్న. నడుం మంచిగున్నన్ని దినాలు ఒక్కసారన్న సెలవిచ్చిర్రా?" నాకు కోపం వచ్చింది. "నీకేం మల్లన్నా, నోరుంది చెప్తాండావు. ఇంజను లేస్తేనే పాస్‌పోర్టు ఇస్తానన్యాడు బాబా" అన్నాను. "అన్నడు, అన్నడు" అని ఆయన మేకల దగ్గరికి వెళ్ళిపోయాడు.

చివరికి దారి చూపింది సరోజక్కే. కారిపోయిందని నేను మొత్తుకుంటే, "నువ్వు మూతి దాకా పోశావా? అయ్యో నా రాత! మూడో రోజు తిరగ కలిపాక నూనె తేలి పొంగుతుందని జాడీకి కూడా మెడ వదుల్తాం కదయ్యా. మెడ దాకానే పొయ్యాలి, మూతి దాకా కాదు" అంది. మూతి దాకా అని తనే చెప్పిన సంగతి ఆవిడకు గుర్తే లేదు. గుర్తు చేస్తే నా అన్నంలో కూర తగ్గుతుందని నేనూ ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నమే పెద్ద మామా ఖర్జూరాలు డబ్బాల్లో అదిమి అదిమి పెట్టిస్తుంటే, సరోజక్క ఆ బూజు సీసా తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. తన వంటింటి అరబ్బీలో, ఖర్జూరం నడుమ గాలి ఉంటే పురుగు పట్టినట్టే దీనికీ పడుతుందని చెప్పింది. పెద్ద మామా సీసా వాసన చూసింది, కదిపి చూసింది. తర్వాత సరేనంది. కాని ఒక షరతు పెట్టింది. వుకైర్ గోడ లోపల పొయ్యి వెలగకూడదు, పడవ చుట్టూ ఇసుక బకెట్లు ఉండాలి. పాపం మల్లన్న ఆ చలికాలమంతా గేటు బయట గాలిలో స్టవ్ పెట్టుకుని వండుకున్నాడు. మంట నిలవక ఉడికీ ఉడకని అన్నం తింటూ, నన్నూ, బాబానూ, నా పడవనూ, నా ఊరగాయనూ కలిపి తిట్టేవాడు. "మా ఊళ్లె అందరు నేను దుబాయ్‌ల బిర్యాని తింటున్న అనుకుంటరు" అనేవాడు.

ఆ తర్వాత పొద్దున డ్యూటీ కాగానే సందు దొరికినప్పుడల్లా వుకైర్ పోయి, అడుగు నుంచి కాస్త తోడి సీసాలో పోసి, ఎండకు పట్టి చూసేవాణ్ణి. నీటి బొట్టు కనిపిస్తే మళ్ళీ తోడేవాణ్ణి. ఒక్క బొట్టయినా సరే, అది నా పాప జుట్టులో చిక్కులా కనిపించేది. పుస్తకంలో బొమ్మలు చూసి ఫిల్టరు మార్చాను, గొట్టాల్లో గాలి తీశాను. పుస్తకంలో మంచుగడ్డలకు ఏం చెయ్యాలో కూడా రాసి ఉంది, ఆ పేజీలు తిప్పేశాను. చలి తగ్గిన రోజుల్లో ఒక పొద్దున, ఇంజను వేడెక్కకుండా బకెట్లోంచి నీళ్ళు అందేలా గొట్టం పెట్టి తాళం తిప్పాను. ఒక్క తాళానికే లేచింది. మేకలు బెదిరి పరుగెత్తాయి. మల్లన్న కూడా నవ్వాడు. ఆ సంతోషంలో, ఊరికి పోతున్న ఒకాయన చేత ఓబులమ్మకు క్యాసెట్టు పంపాను. "ఇంజను లేసింది. బాబా ఈ వారంలో వస్తాండాడు. ఇంగ నేను బయల్దేరినట్టే. మంచి పొద్దు పెట్టించు" అన్నాను.

బాబా వచ్చాడు. పడవ నీళ్ళలోకి దిగింది. ఒక్క తాళానికే ఇంజను లేచింది. బాబా మొహం వెలిగిపోయింది. నన్ను కావలించుకున్నాడు. ఒడ్డున ఉన్న తన స్నేహితులందరికీ నన్ను చూపించి, ఇలాంటి మనిషి దోహా మొత్తం మీద దొరకడని చెప్పాడు. నేను పాస్‌పోర్టు మాట ఎత్తాను. బాబా భుజం తట్టాడు. "బాదేన్, రమణా, బాదేన్. ఇప్పుడు ఎండాకాలం వస్తోంది, ఇంకా కష్టం. నువ్వు పోతే టాంకీ ఎవరు చూస్తారు? ఎండాకాలం అయ్యాక యల్లా, పో." బాదేన్ అంటే తర్వాత అని. ఆ దేశంలో నేను నేర్చుకున్న మాటలన్నిటిలో నాకు అసహ్యమైన మాట అది. దున్నే ఎద్దునే పొడుస్తారని మా నాయన అంటుంటే పొలం సంగతి అనుకునేవాణ్ణి. కాళ్ళావేళ్ళా పడ్డాను, పాప సంగతి చెప్పాను. బాబా చెడ్డవాడు కాదు, విన్నాడు, పాపకు బంగారు గాజులు పంపుతానన్నాడు. పాస్‌పోర్టు మాత్రం ఇవ్వలేదు.

మా ఊళ్ళో ఫోన్ లేదు. రాయచోటిలో ఒక ఎస్టీడీ బూతువాడికి ఫోన్ చేసి, నేను రావడం లేదని మా ఇంట్లో చెప్పమన్నాను. "చెప్తాలేన్నా" అన్నాడు. అన్నాడు కదా, చెప్పే ఉంటాడని అనుకున్నాను. ఎండాకాలం నడి మధ్యలో ఒక క్యాసెట్టు వచ్చింది. పికప్‌లో వేశాను. గుడి గంట, జనం, పాప గుక్కపెట్టిన ఏడుపు, కత్తి గీసిన చప్పుడు. మంగలి అడిగాడు, "తండ్రి యాడమ్మా? రాలేదా?" ఓబులమ్మ గొంతు తొణక్కుండా చెప్పింది, "దారిలో ఉండాడు, వస్తాండాడు." నా మర్యాద కాపాడడానికి నా భార్య దేవుడి ముందు అబద్ధం చెప్పిందని నేను బండి పక్కన ఇసుకలో కూలబడ్డాను. ఆ తర్వాత ఇంకా ఏళ్ళు అక్కడే ఉన్నాను, ఇంటికి వచ్చాను, వయసు మళ్ళింది. ఆ మాట మాత్రం నేనెప్పుడూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

ఇప్పుడు ఫోన్లున్నాయి, బొమ్మ కనిపిస్తుంది, పాస్‌పోర్టు ఎవరూ దాచుకోరు. అయినా అదే మాట: నువ్వు లేకపోతే పని నడవదు. సాయంత్రం నేనే అల్లుడికి ఫోన్ చేశాను. "నాయనా, నువ్వు పని బాగా చేస్తావని నాకు తెలుసు. అదే నీకు వచ్చిన చిక్కు. ఈ ఒక్క తూరి చెడిపోనీ, నువ్వు రా" అన్నాను. మల్లన్న మాట నా నోట్లోంచి ఇన్నేళ్ళకు వచ్చింది. అల్లుడు చూస్తానన్నాడు. బాదేన్ అన్నట్టే వినిపించింది నాకు. ఫోన్ పెట్టేసి, ఆ కోపంలోనే ఓబులమ్మనూ భద్రనూ పిలిచి చెప్పాను. "అల్లుడు వస్తే వచ్చినాడని చెప్పండి, రాకుంటే రాలేదని చెప్పండి. దారిలో ఉండాడని మంగలికి అబద్ధం చెప్పొద్దు. ఒగసారి చెప్పింది చాలు."

ఓబులమ్మ దగ్గరికి వచ్చింది. మంచం కింద సీసాను కాలితో లోపలికి నెట్టింది. "నేను యాడ అబద్ధం చెప్తి?" అంది. "ఆ ఎస్టీడీ పిల్లోడు నువ్వు రాలేవని చెప్పింది మేము గుండు చేపిచ్చి వచ్చిన మర్నాడు. ఆ పొద్దు నువ్వు బయల్దేరినావనే అనుకుంటి. మంగలాయన్ని మధ్యాహ్నం దాకా కూచోబెట్టి, బస్సు వచ్చినప్పుడల్లా పోయి చూస్తానే ఉంటి."